మంచులో రోకలి చప్పుడు

నా చిన్నప్పుడు చలికాలమంటే నాకు గుండెల్లో దడ. ఇప్పుడు మా అరకు వైపు బస్సులేసుకుని వచ్చి, మంచులో నిలబడి నోట్లోంచి పొగ వదులుతూ మురిసిపోయే పట్నం వాళ్ళను చూస్తే ముచ్చటగానూ ఉంటుంది, కాస్త నవ్వుగానూ ఉంటుంది. ఆ రోజుల్లో మంచును చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. మంచే మమ్మల్ని చూడ్డానికి వచ్చేది. తెల్లారేసరికి లోయంతా నిండి, మా గుమ్మంలోకి వచ్చి కూర్చునేది. పొద్దు బాగా పైకొచ్చే దాకా పెరట్లో పనసచెట్టు ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

మాది హుకుంపేట దాటి కొండెక్కితే వచ్చే చిన్న పల్లె. ఐదారు పూరిళ్ళు, దిగువన గెడ్డ అని మేమనే చిన్న వాగు, ఆ గెడ్డకి అవతల గట్టు మీద మా పోడు చేను. పెద్దవాళ్ళకి చలికాలమంటే ప్రాణం. వానాకాలమంతా మంచాన పడేసి మూలిగించిన మన్యం జ్వరం అప్పటికి వదిలేది. సామలూ చోళ్ళూ పండి ఇంటికి చేరేవి. సాయంత్రమైతే నెగడు చుట్టూ చేతులు పట్టుకుని ధింసా ఆడేవారు. నాకవేవీ పట్టేవి కావు. ఒక ఏడు ఆ మంచులోనే పక్కింటి వాళ్ళ ఆవుని పెద్దపులి ఎత్తుకుపోయింది. ఆ పేరు పలికితే వచ్చేస్తుందని మావాళ్ళు దాన్ని 'దొర' అనేవారు. కిందనుంచి వచ్చే తాసీల్దారునీ దొరే అనేవారు. ఏ దొర వస్తున్నాడో అడిగే ధైర్యం లేక పిల్లలం ఇద్దరికీ భయపడి దాక్కునేవాళ్ళం.

పులి వచ్చిన మరుసటి ఏడు మార్గశిరంలో మా అమ్మకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. కందిచేలో పందులు పడకుండా మా అయ్య మంచె మీద కాపలాకి పోయి ఉన్నాడు. తెల్లవారుతుండగా తమ్ముడు పుట్టాడు. మా నానమ్మే మంత్రసాని. పిల్లికూనంత ఉన్నాడు, గట్టిగా ఏడవడానికైనా ఓపిక లేదు వాడికి. ఆ హడావుడిలో పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళకుండ పగిలి నీళ్ళన్నీ పొయ్యిలో పడ్డాయి. బుస్సుమని పొగ లేచింది. నానమ్మ బూడిదంతా పుల్లతో కెలికి చూసింది. ఒక్క నిప్పుకణిక మిగల్లేదు. చెకుముకి రాయి చూస్తే మా అయ్య మొలసంచిలో ఉంది.

పక్కింట్లో పొయ్యి మండుతూనే ఉంది. అయినా మా వైపు పురుటింటికి నిప్పు ఇవ్వరు. పురుడు తీరే దాకా బయటి నిప్పు ఆ ఇంట్లో అడుగు పెడితే బిడ్డకే కీడని మా వాళ్ళ నమ్మకం. పక్కింటి అత్త జ్వరం పడి అప్పుడప్పుడే లేచి తిరుగుతోంది. దడి అవతల నిలబడి ఏడ్చినంత పని చేసింది. "నిప్పు తప్ప ఏటి కావాలన్నా ఇత్తాను, అడగండే" అంటూ తాను కప్పుకున్న దుప్పటి తీసి మా వాకిట్లోకి విసిరింది. ఆ దుప్పట్లో చుట్టినా తమ్ముడి కాళ్ళు చల్లగానే ఉన్నాయి. నేను పట్టుకుని చూశాను. ఆ చల్లదనం నా వేళ్ళకి ఇప్పటికీ గుర్తుంది.

పల్లెలో మగవాళ్ళందరూ మంచెల మీదే ఉన్నారు. అమ్మనీ బిడ్డనీ వదిలి నానమ్మ కదలలేదు. ఇంక మిగిలింది నేనే. నానమ్మ ఒక చిట్టికుండ నా చేతిలో పెట్టింది.

"మీ అయ్యకాడ నెగడుంది. మన పొయ్యిలోంచి అట్టుకెల్లిన నిప్పే అది. మనింటికి రావొచ్చు. బేగి ఎల్లి అట్టుకురా."

"దొరుంటాడు నానమ్మా" అన్నాను.

"ఉంటే ఉండనీ. నీ ఎముకలగూడు తింటే ఆడికేటి కడుపు నిండుతాది?" అంది. ఆ మాటకి నాకు నవ్వు రాలేదు. అది చూసి నానమ్మ గుమ్మం పక్కనున్న రోటిలో దోసెడు సామలు పోసి రోకలి ఎత్తింది. "ఇదిగో, నాను దంచుతుంటాను. ఈ సప్పుడు ఇనబడినంతసేపూ నాను నీ ఎనకాలే ఉన్నట్టు. సూసుకో."

మంచులోకి దిగాను. చాచిన చెయ్యి నాకే కనబడలేదు. దారంతా నా కాళ్ళకి తెలుసు, అయినా ఆ పూట దారి నాది కానట్టే ఉంది. వెనక దుమ్, దుమ్ అని రోకలి. ఆ చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఊపిరి బిగబట్టుకునేదాన్ని. మళ్ళీ దుమ్ అనగానే ఒక అడుగు. ఎక్కడో ఆకు మీద మంచు బొట్టు రాలినా దొర అడుగులాగే వినబడేది. దొర మీద పడితే ముందు తలే పట్టుకుంటాడని ఎవరో అన్నారు. అందుకని కుండని నెత్తి మీద బోర్లించుకుని నడిచాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు నాకున్న ధైర్యమంతా ఆ కుండే.

గెడ్డ దగ్గరికి వచ్చేసరికి రోకలి ఆగిపోయింది.

కాస్త ఆగి మళ్ళీ దంచుతుందని నిలబడ్డాను. దంచలేదు. మా ఊళ్ళో చావు జరిగిన ఇంట శవం లేచేదాకా రోకలి ఎత్తరు. మొదలెట్టిన దంపుడైనా చావు కబురు రాగానే ఆపేస్తారు. ఊహ తెలిసిన ప్రతి పిల్లకీ ఆ సంగతి తెలుసు. తమ్ముడు పోయాడు అనుకున్నాను. చల్లని ఆ చిన్న కాళ్ళే కళ్ళలో మెదిలాయి. అంతలోనే, పోయింది అమ్మేమో అనిపించింది. దొర సంగతి పూర్తిగా మరిచిపోయాను. పులికన్నా పెద్ద భయం ఉంటుందని నాకు ఆ గెడ్డ ఒడ్డునే తెలిసింది. ఇంటికి పరిగెత్తాలనుంది, కానీ ఇంటికి వెళితే ఏం చూడాల్సి వస్తుందోనని కాళ్ళు కదలలేదు.

ఏడవడానికి కూడా భయపడి అలాగే నిలబడ్డాను. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. వానాకాలంలో మా కొండల్లో పక్కమనిషి మాట కూడా వినబడదు. వాన, గాలి, గెడ్డ పొంగు అన్నీ కలిసి చెవుల్లో పడుతుంటాయి. చలికాలం పొద్దుటి పూట గాలి ఉండదు, గెడ్డ కూడా సన్నగా పారుతుంది. ఆ నిశ్శబ్దంలో, ముందు వైపు నుంచి, టపటపమని చిన్న చప్పుడు. చిలకల్ని తోలడానికి మా అయ్య చీల్చిన వెదురుగడ కొడుతున్నాడు. ఎంత దూరమో తెలియలేదు, ఎటువైపో మాత్రం తెలిసింది.

ఒకరు పోయినా ఇంకొకరికి నిప్పు కావాలి కదా అనుకున్నాను. అంత పెద్ద మాట ఆ వయసులో నాకెలా తోచిందో నాకే తెలియదు. గెడ్డ దాటి, ఆ టపటప వైపు నడిచాను.

మా అయ్య నన్ను చూసి మంచె మీంచి దూకాడు. తమ్ముడు పుట్టాడనీ, పొయ్యి ఆరిందనీ చెప్పాను. రోకలి ఆగిందని కూడా చెప్పాను. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. అడుగున బూడిద పోసి కణికలు నింపిన కుండను పాత గోనెగుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, "ఊదుకుంటా నడువు" అని మాత్రం అన్నాడు. తాను గొడ్డలి పట్టుకుని నా వెనక నడిచాడు. ఆయన ఊపిరి కూడా సరిగా పీల్చడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

గెడ్డ ఇవతలికి వచ్చి ఎత్తు ఎక్కుతుండగా, మంచులోంచి, దుమ్. మళ్ళీ దుమ్.

మా అయ్య అక్కడే బండ మీద కూలబడిపోయాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నేను మాత్రం నిప్పుకుండని పొట్టకి హత్తుకుని నిలబడ్డాను. లోపలికి వెచ్చదనం పాకుతోంది, ముక్కు కొస చలికి మొద్దుబారిపోయింది. అప్పుడే పొద్దు పైకొచ్చి మంచు, కొండల మీదుగా జారుకోవడం మొదలైంది. ఎదురుగా పూత మీదున్న వలిసె చేలన్నీ ఒక్కసారిగా పసుపుపచ్చగా బయటపడ్డాయి. చలికాలం ఇంత బాగుంటుందా అని నాకు మొదటిసారి అనిపించింది. బతికి ఉన్నారన్న సంతోషంలో దేన్ని చూసినా బాగుంటుందేమో, ఆ సంగతి నేను కాదనను.

ఆ పూట పొయ్యి రాజేసి, అమ్మకీ బిడ్డకీ కాపడం పెట్టాక, అదే నిప్పులో నానమ్మ నాకు పచ్చి కందికాయలు కాల్చి పెట్టింది. ఎందుకు ఆపేశావని కోపంగా అడిగాను.

"నా సప్పుడే ఇంటా ఉంటే మీ అయ్య సప్పుడు నీకెలా ఇనబడతాదే గుంటా? గెడ్డకాడికి ఎల్లుంటావని ఆపేసినాను. మీరు ఒచ్చీ యేల అయ్యుంటాదని మల్లీ ఎత్తినాను" అంది.

నిజంగా అందుకే ఆపిందో, రెక్కలు నొప్పెట్టి ఆపి నాకు ఈ కథ చెప్పిందో ఆవిడకే తెలియాలి. మా నానమ్మ అంత తేలిగ్గా దొరికే మనిషి కాదు.

తమ్ముడు బతికాడు. వాడు ఆరేడేళ్ళవాడై ఉండగా, ఇలాంటి చలికాలమే, ఒక పొద్దున్న నానమ్మ లేవలేదు. ఆ రోజు పల్లెలో నిజంగానే రోకళ్ళు ఆగిపోయాయి. నేను ఏడ్చుకుంటూ వెళ్ళి గెడ్డ ఒడ్డున కూర్చున్నాను. ఏమీ కనబడని ఆ మంచులో చాలాసేపటికి, అవతలి గట్టు మీంచి టపటపమని వినబడింది. ఇంట్లో ఏడుపులు చూడలేక చేనుకి పారిపోయిన మా తమ్ముడు, చిలకల్ని తోలుతున్నాడు.

ఆ తరవాత నా జీవితంలో చాలా చప్పుళ్ళు ఆగిపోయాయి. ఆగినప్పుడల్లా భయపడ్డాను, ఇప్పటికీ భయపడతాను. కాకపోతే ఆ భయంలో వెనక్కి పరిగెత్తను. చలికాలం మొదటి మంచు పడిన పొద్దున, మనవలు లేవకముందే గుమ్మంలో కూర్చుని, ముందు వైపు నుంచి వచ్చే చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంటాను.