చిన్నాయన పెనాల్టీ

మొన్న మా పాప ఫోనులో ఫుట్‌బాల్ ఆడుతుంటే మా చిన్నాయన గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కర్నూలులో చదివేటప్పుడు, కడప కాలేజీతో ఫైనల్లో, ఆయన పెనాల్టీని మైదానం బయటున్న సోడా బండి మీదికి కొట్టి మ్యాచ్ పోగొట్టినాడంట. నేను పుట్టకముందు సంగతి. అయినా మా ఊరు కోడుమూరులో ఎవరి పెళ్లికి పోయినా, "ఏమప్పా, సోడా తాగుతావా?" అని నవ్వేవాళ్లు. ఆయన ముఖం మాడ్చుకునేవాడు.

మా ఇంటికి వీడియో గేమ్ వచ్చిన ఎండాకాలం, రెండు జట్లకు కర్నూలు, కడప అని పేర్లు పెట్టి నేను ఆ మ్యాచే మళ్లీ ఆడినాను. చిన్నాయన పేరు పెట్టిన బొమ్మతో కొట్టిస్తే గోలు పడింది. దాంతో పాత మ్యాచే మారిపోయిందనుకున్నాను. వీధిలోకి పరిగెత్తి, "మా చిన్నాయన గెలిచినాడు! ఇంక నవ్వద్దండి!" అని అరిచినాను.

చిన్నాయన వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు.

"యాడ నొక్కల్ల పాపా?"

చూపించినాను. నొక్కినాడు. బంతి గోలు పైనుంచి ఎగిరిపోయింది.

"శానా బాగుండాది! అచ్చం నా మాదిరే కొట్టినాడు!" అని పడీపడీ నవ్వినాడు.

నాకేమో ఏడుపొచ్చింది. ఆయన ఆ మ్యాచ్ గెలవాల్సిన పనే లేదని పెద్దయినాక గాని తెలియలేదు. ఆనాటి నుంచి ఆ కథ ఊళ్లో ఆయనే చెప్పేవాడు, బంతిని ప్రతిసారీ ఇంకొంచెం దూరం పంపిస్తూ.