జాంథేట్ వాసన

ఆ పిల్ల నురగ గీస్తుంటే నాకు కడుపు మండిపోయేది. సూరత్ దగ్గర కడోదరాలో, ఖనిజాలు పరీక్షించే ల్యాబులో ఇద్దరం ఒకే రోజు చేరాం. నాది కరీంనగర్, ఆమెది రాజమండ్రి. కరోనా నిబంధనల వల్ల పొద్దున నేను, మధ్యాహ్నం ఆమె; షిఫ్టు మారే గంట మాత్రం ఇద్దరం ఉండేవాళ్ళం. సీసం, జింకు కలిసిన ముడిరాయిని పొడి చేసి, నీళ్ళలో కలిపి, జింకు అడుగునే ఉండేలా ఒక మందు, సీసం పైకి తేలేలా జాంథేట్ వేసి గాలి ఊదేవాళ్ళం. సీసం రేణువులు బుడగలకు అంటుకుని పైకొస్తాయి. ఆ నురగను పలకతో గీసి పళ్ళెంలోకి దించాలి. జింకును లేపడం ఆ తర్వాత.

గీసే చెయ్యి మారితే లెక్క మారుతుంది. అందుకే అసలు పరీక్షలన్నీ ఒక్కరే చెయ్యాలి. ఆ ఒక్కరికే రాజస్థాన్ గనిలో ఉద్యోగమని మేనేజరు చెప్పాడు. నాకు ఆ ఉద్యోగం కావాలి, అంతే! కానీ ఆమె నురగే నల్లగా నిగనిగలాడుతూ వచ్చేది. మేనేజరు "శభాష్" అంటే మాస్కు లోపల పళ్ళు నూరుకునేదాన్ని.

ఈలోగా నాకు కరోనా వచ్చింది, ల్యాబు మూశారు. జ్వరం తగ్గింది గానీ వాసన తెలియడం పోయింది. చెబితే పక్కన పెడతారని నోరెత్తలేదు.

నీళ్ళలో కలిపిన జాంథేట్ సూరత్ ఎండకు త్వరగా పాడైపోతుంది. సీసా మీద తేదీ రాసే అలవాటు మాకు లేదు, మూత తీసి వాసన చూస్తే తెలిసిపోయేది, పాడైతే కంపు కొడుతుంది. ల్యాబు తెరిచిన పొద్దున నేనూ అలాగే సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ కంపూ లేదు. బాగుందనుకుని పోసేశాను. నాకు వాసనే తెలియదన్న సంగతి మరిచాను, నా బుద్ధి గడ్డి తింది!

ఎంత గీసినా తెల్లటి బుడగలే. అప్పుడే మేనేజరుతో కలిసి దిగింది మహాతల్లి.

"అమ్మో, ఏం కంపక్కా! ల్యాబు మూయకముందు కలిపిన సీసా కదా అది! నీకు వాసన రావట్లేదా?"

"నీ టైం గాలే గదా, గప్పుడే ఎందుకొచ్చినవే?" అన్నాను.

మేనేజరు నన్నే చూశాడు. ఇక దాచడానికేముంది? పరీక్షలు ఆమెకిచ్చారు, గనికీ ఆమే వెళ్ళింది.

ప్రతి ఆదివారం ఫోన్ చేసి ముందు అదే అడిగేది, "అక్కా, వాసన వచ్చిందా?" అని. మనస్ఫూర్తిగానే అడిగేది, అదే నాకు ఇంకా మంట. ఓసారి సూరత్ ఆల్థాన్‌లో నా గదంతా పొగ కమ్మేదాకా పప్పు మాడుతోందని నాకు తెలియలేదు. గిన్నె దించుతుంటే ఫోన్ మోగింది.

"వచ్చింది," అన్నాను. "మస్తుగ వస్తుంది. ఇగ అడుగుడు బంద్ చెయ్."

"హమ్మయ్య అక్కా," అంటూ అటువైపు ఏడ్చేసింది. నేను ఫోన్ పెట్టేసి మాడిన గిన్నె తోముకున్నాను.