నల్లకోటువాడికి పిచ్చి లేదు

2003 వేసవి. అమలాపురంలో బస్టాండు వెనక సందులో నాకు వీడియో గేముల సెంటరు ఉండేది. మూడు టీవీలు, మూడు కన్సోళ్లు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. కన్సోలంటే టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె. ఆడమనిషి గేముల సెంటరు నడపడమేమిటని మొదట్లో సందంతా మూతి తిప్పింది. చీరల కొట్టు పెట్టుకోకపోయారా అని సలహా ఇచ్చినవాళ్లకి, చీరలు కొనేవాళ్లతో పొద్దస్తమానం బేరాలు నావల్ల కాదని చెప్పేదాన్ని. నా నోరు మంచిది కాదని అప్పటికే పేరుంది కాబట్టి రెండోసారి ఎవరూ అడగలేదు.

ఈ వ్యాపారానికి అసలు శత్రువు కరెంటు కోత. ఆటలో కొంత దూరం వెళ్లాక 'సేవ్' చెయ్యాలి, అంటే అంతవరకూ ఆడింది మెమరీ కార్డులో దాచుకోవాలి. దాచుకోకముందే కరెంటు పోతే ఆడిందంతా గోదాట్లో కలిసినట్టే. విసుగొచ్చి పిల్లలు ఇళ్లకి పోతే ఆ పూట మళ్లీ రారు. అందుకని పాత క్యాలెండర్ కాగితాలు, రంగు పెన్సిళ్లు బల్ల మీద పడేసేదాన్ని. కరెంటు వచ్చేదాకా వెనకవైపు బొమ్మలు గీసుకునేవారు. బాగున్నవాటిని గోడకి అంటించేదాన్ని. చిత్రమేమిటంటే ఒక్కడూ హీరోని గీసేవాడు కాదు. అందరికీ విలనే కావాలి.

ఆ ఏడాది వాళ్లని పట్టుకున్న విలన్ ఒక సైన్యాధిపతి. ఆటలో చివరి 'బాస్' వాడే. బాస్ అంటే అందరినీ గెలిచాక ఎదురొచ్చే పెద్ద శత్రువు. మోకాళ్లు దాటిన నల్లకోటు, మెడదాకా ఇత్తడి గుండీలు, ఊళ్లు తగలబెట్టి పకపకా నవ్వడం. అసలు పేరు నోరు తిరగక పిల్లలు వాడిని నల్లకోటోడు అన్నారు. నేనూ అలాగే అన్నాను.

కరెంటు పోయిందంటే చాలు, నల్లకోటోడికి పిచ్చా కాదా అని మొదలుపెట్టేవారు. ఇంటర్ చదివే వంశీది పిచ్చి పక్షం. ఊరు కాలిపోతుంటే నవ్వేవాడిని ఇంకేమంటారని వాడి వాదన. అంత పకడ్బందీగా వల పన్నేవాడికి పిచ్చేమిటని మిగతావాళ్లు. తొమ్మిదో తరగతి కిరణ్ మాత్రం ఏ పక్షమూ పట్టకుండా కిటికీ పక్కన కూర్చుని గీసేవాడు. వాడి చెయ్యి చాలా మంచిది. నేను వాదన జోలికి వెళ్లేదాన్ని కాదు. పిచ్చో తెలివో, ముందు నా కుర్చీల మీంచి కాళ్లు తియ్యండర్రా అనేదాన్ని.

మా సెంటరుకి ఎదురుగా సూర్యారావుగారి టైలరింగ్ షాపు. చెయ్యి తిరిగిన మనిషి. రెండేళ్ల కిందట ఆయనకి మనసు చెదిరింది. కుట్టు మిషనులోంచి ఎవరో మాట్లాడుతున్నారనేవారు, తిండి మానేశారు, ఎటు పడితే అటు వెళ్లిపోయేవారు. భార్య మంగగారు విశాఖపట్నం తీసుకెళ్లి పెద్ద ఆసుపత్రిలో చూపించింది. నెమ్మదిగా తేరుకున్నారు. మాత్రలు వేసుకుంటూ, ఆ వేసవిలోనే మళ్లీ షాపు తెరిచారు.

తెరిచారే గాని గుడ్డ ఇచ్చేవాళ్లు లేరు. దానికో కారణముంది. మంగగారు రోజంతా ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. కత్తెర ఆమె ఒళ్లో, పైటచెంగు కింద ఉండేది. గుడ్డ కత్తిరించాలంటే ఇచ్చేది, అవ్వగానే తీసేసుకునేది, సాయంత్రం ఇంటికి పట్టుకుపోయేది. డాక్టరు అలా చెయ్యమనలేదు. ఆమె భయం అది. సందంతా అది చూసింది. కట్టుకున్నదానికే నమ్మకం లేకపోతే మనకెందుకు గొడవ అనుకున్నారు. షాపు అద్దెకిచ్చినాయన కూడా, స్కూళ్లు తెరిచేలోపు నాలుగు బేరాలు రాకపోతే ఖాళీ చెయ్యమన్నాడు. మంగగారు ఓసారి మంచినీళ్లకొచ్చి నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇంట్లో కూచోబెడితే ఈయన మళ్లీ అలాగైపోతారు వదినగారూ. ఈ మిషనే ఈయన్ని మనిషిగా నిలబెడతందండి."

యూనిఫారాల కాలమే దిక్కు. ఒక్కరైనా గుడ్డ తెస్తే దారి పడుతుంది. ఆ ఒక్కరెవరన్నదే తెలియలేదు.

మే నెలలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను వెనక గదిలోకెళ్లి బిందె నింపుకుని వచ్చేసరికి పిల్లలు గోడ దగ్గర మూగి కిలకిల నవ్వుతున్నారు. కొత్త బొమ్మ. అదే నల్లకోటు, అవే ఇత్తడి గుండీలు. కానీ మెడలో టేపు, చేతిలో కత్తెర, ముక్కు మీదికి జారిన కళ్లజోడు, గుబురు మీసం. అచ్చంగా సూర్యారావుగారు. నాకు ఒళ్లు మండిపోయింది. చింపేద్దామని చెయ్యి చాపాను.

"చెల్లెమ్మగారూ, మీకూ కరెంటు లేదాండీ?"

వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆయనే. ఆయన వెనక పరుగున వచ్చిన మంగగారు.  ఇన్నాళ్లు వీళ్లిద్దరూ పడ్డ పాట్లన్నీ ఈ కాగితం ముక్కతో మట్టిగొట్టుకుపోతాయనుకున్నాను.

ఆయన లోపలికొచ్చి కళ్లజోడు సర్దుకుని బొమ్మ ముందు నిలబడ్డారు. చాలాసేపు చూశారు. ఎవరు గీశారని అడిగితే కిరణ్ లేచాడు.  రోజూ కిటికీలోంచి కనబడతారు కదండీ, మీ మొహమైతే చూసి గీయడం తేలికండీ అన్నాడు. నాకు తెలిసి అది నిజమే. ఆ ముఖాన్ని ఆ కోటు మీద పెట్టడం ఎలా ఉంటుందో వాడికి తట్టలేదు. నవ్విన మిగతా వెధవలకి మాత్రం తట్టింది.

ఈ కోటాయన ఎవరని అడిగారు సూర్యారావుగారు. ఊళ్లు తగలబెడతాడండీ అన్నాడు వంశీ. ఎందుకూ అన్నారాయన. వంశీకి అలవాటైన మాట నోట్లోంచి జారిపోయింది.

"పిచ్చండి."

అన్నాక నాలిక కరుచుకున్నాడు. మంగగారు కళ్లు మూసుకుంది.

సూర్యారావుగారు బొమ్మ మీద గుండీలన్నీ కిందనుంచి పైదాకా వేలితో తడిమారు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఇతనికి పిచ్చేం లేదు బాబూ. గుండీలు చూడు, ఒక్కటీ తప్పలేదు. కాలరు చూడు, ఎలా నిలబడిందో. నాకు బాగోనప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోడం కూడా చేతయ్యేది కాదు. కింద గుండీ పైకాజాలో పెట్టుకుని సందంతా తిరిగేను. మా ఆవిడ వెనకాలొచ్చి సరిచేసేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోడానికే ఓపిక లేదు, ఇంక ఊళ్లేం తగలెడతాను? ఇతను తెలిసే చేస్తన్నాడు. చెడ్డోడు. అంతే."

 వంశీని వాదన మరి ఊరుకోనివ్వదు కదా, మెల్లిగా అడిగాడు.

"మరి అలా నవ్వుతాడేంటండీ?"

"గెలిచేడు కదా. గెలిస్తే నువ్వు నవ్వవా?"

మూలనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు, వంశీతో సహా. నాకు నెత్తిన పాలు పోసినట్టయింది.

అంతటితో వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. కోటు బాగుంది గాని కత్తెర పట్టుకోడం తప్పు గీశావని కిరణ్‌తో చెప్పారు. బొటనవేలు చిన్న కన్నంలో ఉండాలి, తక్కిన వేళ్లు పెద్దదాన్లో. చూపిస్తానుండమని మంగగారి వైపు చెయ్యి చాపారు. ఆమె నా వైపు చూసింది. నేనేం చెప్పగలను? పదిమంది పిల్లలున్నారు గదిలో. ఇవ్వకపోతే ఆయన అన్న ప్రతి మాటా అబద్ధమైపోతుంది. ఆమె పైటచెంగు కిందనుంచి కత్తెర తీసి ఇచ్చింది.

ఆయన ఒక క్యాలెండర్ కాగితాన్ని అంచు చెదరకుండా కాలరు ఆకారంలో కత్తిరించారు. తర్వాత కత్తెర మూసి, మొనలు తన గుప్పిట్లో పట్టుకుని, పిడి కిరణ్ వైపు తిప్పి, నువ్వు పట్టుకో అన్నారు. వాడు పట్టుకున్నాడు. ఆ తర్వాత మళ్లీ కూర్చుని బొమ్మ సరిగ్గా గీశాడు, ఈసారి నల్లకోటోడి ముఖంతోనే.

మర్నాడు పొద్దున్నే కిరణ్ వాళ్లమ్మని వెంటబెట్టుకుని యూనిఫారం గుడ్డతో ఎదురు షాపుకి వచ్చాడు. కొలతలిస్తూ నా వైపు చూసి తల దించుకున్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు. వారం తిరక్కుండా మిషను చప్పుడు మా టీవీల చప్పుడుని మింగేసింది. వంశీగాడు తన చొక్కాకి నల్లకోటోడి కాలరే కావాలని పట్టుబట్టి కుట్టించుకున్నాడు. అద్దె ఆయన ఖాళీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఎన్నో ఏళ్లు నడిపాను ఆ సెంటరు. ఎన్ని వాదనలు విన్నానో లెక్కలేదు. ఇది మాత్రం నాకు పాఠం. చెడ్డవాడి గురించి ఆలోచించడానికి బద్ధకమేస్తే వాడికి పిచ్చని చేతులు దులుపుకుంటాం. ఆ దుమ్మెళ్లి ఎవరి మీద పడుతుందో చూసుకోం. తర్వాత మా సెంటర్లో ఏ విలన్‌నైనా ఎవడైనా పిచ్చోడన్నాడంటే, ముందు వాడి గుండీలు చూడరా అని మిగతావాళ్లే అనేవారు.

స్కూళ్లు తెరిచే ముందురోజు సాయంత్రం మంగగారు ఒక్కర్తే మా సెంటరుకి వచ్చింది. మిషను దగ్గర ఆయన తల ఎత్తకుండా కుడుతున్నారు. ఆమె ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుని, జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకుని, ఆ నల్లకోటోణ్ణి ఎలా కొట్టాలో చెప్పమంది.

"కత్తెరేదండీ?" అన్నాను, ఆమె ఒడి వైపు చూసి.

"ఆయన దగ్గరే ఉందండీ" అంది, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఇదిగో, ఏది నొక్కాలండీ?"