ఒక్క తప్పూ వదల్లేదు

ఇంగ్లీషు గ్రామర్ నాకొక్కదానికే వచ్చినట్టు విర్రవీగిన రోజులవి. మైలవరం నుంచి విజయవాడ వచ్చి డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు వెళ్ళేదాన్ని. నా ఈడు అమ్మాయి ఒకతె అక్కడే పరిచయమైంది. వన్ టౌన్‌లో వాళ్ళది గాజుల కొట్టు. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు మాట్లాడే పిల్లకు మూడో భాష పెద్ద బరువేం కాలేదు. ఒక్క మాట దొరికితే చాలు, ముందో ముక్క, వెనకో ముక్క అతికించి నోట్సు నింపేసేది. హ్యాపీ కింద అన్‌హ్యాపీ, హ్యాపీనెస్, అన్‌హ్యాపీనెస్. "చూడవే, ఒక్కదాన్ని పిలిస్తే ఇంటిల్లిపాదీ వచ్చేశారు!" అని మురిసిపోయేది.

తనకు ఒక హోటల్లో రిసెప్షనిస్టు ఉద్యోగం చెయ్యాలని ఆశ. వాళ్ళ నాన్న ఒక్క ఇంటర్వ్యూకే ఒప్పుకున్నారు. అది పోతే ఇక కొట్లో కూర్చోవడమే. నెల రోజులు నేను తయారు చేస్తానన్నాను. ఎవరడిగారు నన్ను? నేనే ఎగబడ్డాను.

మా క్లాసులో ఒక పద్ధతి ఉండేది. మాట్లాడుతుండగా తప్పు దొర్లితే సారు పెన్నుతో బల్ల మీద టక్కున కొడతారు. మనం ఆగి, దిద్దుకుని, మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. ఆయన మూడు తప్పులు వదిలేసి నాలుగోదానికి కొట్టేవారు. తనకు నేర్పేటప్పుడు నేనూ అలాగే పెన్ను పట్టుకున్నాను, ఒక్కటీ వదల్లేదు. "కాస్త మాట పూర్తి చెయ్యనివ్వవే తల్లీ!" అని ఓ రోజు దండం పెట్టింది. "తప్పులతో పూర్తి చేసి ఏం లాభం?" అన్నాను. అబ్బో, ఏం పొగరో నాకు!

ఇంటర్వ్యూ రోజు హోటల్ బయట నిలబడి ఎదురుచూశాను. వచ్చి చెప్పింది. బాగానే మొదలుపెట్టిందట. మేనేజరు వింటూ, అలవాటు కొద్దీ, చేతిలో పెన్నుతో బల్ల మీద కొట్టాడట. వెంటనే ఆగి, సారీ చెప్పి, మళ్ళీ మొదలుపెట్టిందట. ఆయన మళ్ళీ కొట్టాడు. మూడోసారికి నోరు పెగల్లేదట.

"నేను చెప్పిందాంట్లో తప్పేంటే?" అని అడిగింది.

ఏ తప్పూ లేదు. ఆ ముక్క చెప్పకుండా, "అంత మాత్రానికే బెదిరిపోతావా?" అని కసిరాను. తను ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

తప్పు నాదని ఆ రాత్రే తెలుసు. ఫోన్ చెయ్యలేదు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ సిగ్గుతో ఏళ్ళు గడిపేశాను.

మొన్న ధైర్యం చేసి ఆ కొట్టుకు వెళ్ళాను. తనే ఉంది. కుర్చీ వేయించి, టీ తెప్పించింది. పక్కనే ఆరేళ్ళ కూతురు తన స్కూలు సంగతులన్నీ ఇంగ్లీషులో నాకు గడగడా చెప్పేస్తోంది. సగానికి సగం తప్పులే, అయినా ఎంత ముద్దుగా ఉందో! క్షమించమని అడుగుదామని వెళ్ళినదాన్ని, నోరు తెరిచి వేరే మాట అన్నాను.

"సెలవుల్లో దీన్ని నా దగ్గరికి పంపవే. గ్రామర్ నేర్పిస్తాను."

తను పిల్లను దగ్గరికి తీసుకుంది.

"వద్దులెండి. ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది" అంది.