ఉప్పు చూసే బాబాయి

“మాంసం ముట్టనిదానివి, మాంసం ఎలా వండుతావమ్మా?” పరుపుల ఫ్యాక్టరీ క్యాంటీన్ కాంట్రాక్టరు మొహం మీదే అడిగాడు.

“వండుతానన్నాను గానీ తింటానన్లేదు కదండీ,” అంది వంటావిడ.

ఒక నెల చూస్తానన్నాడు. రుచి బాగాలేదని ఫిర్యాదు వస్తే ఇంటికే. భర్త టైలరింగ్ షాపు మూతపడింది. ఇల్లు గడవాలంటే ఈ పని నిలవాలి.

ఆమె తినకపోవడం వెనక గొప్ప తత్వమేమీ లేదు. పుట్టింటివాళ్ల మతం వద్దంది. పెళ్లయ్యాక పూజలు ఒక్కొక్కటే జారిపోయాయి, ఇది మిగిలింది. “దేవుణ్ణి నేను మర్చిపోయినా నా నాలుక మర్చిపోలేదు,” అంటుంది. భర్త లొట్టలేస్తూ మాంసం తింటుంటే పక్కనే కూర్చుని పప్పు కలుపుకుంటుంది.

మరి క్యాంటీన్లో ఉప్పు చూసేదెవరు? పక్కగదిలో స్టోరు చూసే పెద్దాయన. అందరికీ ఆయన బాబాయే. కూర ఉడుకుతుండగా ఆమె గరిటెడు పట్టుకెళ్లేది. ఆయన కళ్లు మూసుకుని చప్పరించి, “ఇంకో చిటికెడు పడాలమ్మాయ్,” అనేవాడు. మళ్లీ తెమ్మంటే, “ఉప్పు చూస్తున్నారా, భోంచేస్తున్నారా బాబాయ్?” అనేది.

నెలాఖరులో బాబాయికి, ఆయన మతం ప్రకారం, పగటి ఉపవాసాలు మొదలయ్యాయి. ఉపవాసమున్న మనిషి ముందు గరిటె పెట్టడం ఏం బాగుంటుందని ఆమె అడగలేదు. చేతి అంచనాతో ఉప్పేసి పప్పు పొయ్యి దగ్గరికి వెళ్లింది. తనను అడగలేక కూర చప్పగా వదిలేసిందేమో, పిల్ల ఉద్యోగం పోతుందేమోనని ఆయన వచ్చి, తన అంచనాతో ఇంకో పిడికెడు వేశాడు. రెండు మతాలు ఒకదాన్నొకటి గౌరవించుకున్నాయని ఎవరైనా ఉపన్యసించదలిస్తే ఉపన్యసించవచ్చు. కూర మాత్రం ఎవరూ నోట పెట్టలేకపోయారు.

మొదటి ముద్దకే కార్మికులు నీళ్ల కోసం లేచారు. కాంట్రాక్టరు వంటగదిలోకి వచ్చి, ఉప్పెవరు వేశారని అడిగాడు.

“రెండోసారి వేసింది నేనండీ,” అన్నాడు బాబాయి.

“మీరు ఉపవాసం కదా?”

“వేశాను గానీ తినలేదు కదండీ.”

కాంట్రాక్టరు నవ్వు ఆపుకున్నాడు. “రేపు కూడా ఇలాగే ఉంటే ఇద్దరూ ఇంటికే.”

పని ముగించుకుని వెళ్తూ ఆమె సొంత డబ్బుతో, బల్లకొకటి చొప్పున, స్టీలు ఉప్పు గిన్నెలు కొంది. మర్నాటి నుంచి కూరలో పడాల్సిన ఉప్పులో సగమే వేసేది. మిగతాది ఎవరి నాలుక కొద్దీ వాళ్లది. ఎవరైనా సణిగితే, “గిన్నె మీ ముందే ఉంది కదన్నా,” అంటే సరిపోయేది. నెల దాటింది, పని ఖాయమైంది. ఉపవాసాలయ్యాక, అవసరం లేకపోయినా, గరిటె మళ్లీ స్టోరు గదికి వెళ్తోంది.

గిన్నెల డబ్బు మాత్రం కాంట్రాక్టరు ఇంకా ఇవ్వలేదు.