బాపు బిగించిన మూత

నా చిన్నప్పుడు మూత సందులను పొగతో వెతికేవాళ్లం బిడ్డా. చెక్కతో చేసుకున్న నీ కయాక్ పడవలో సామాను అర మూత నుంచి నీళ్లు దిగుతున్నాయని, ఎలా ఆపాలని మొన్న ఫోన్లో అడిగావు కదా. ఇంత దూరం నుంచి వచ్చి ఆ సందు పట్టలేను, చెప్పగలను అంతే.

మా చేను గోదావరికి అవతలి ఒడ్డున ఉండేది. విత్తనాలు తడవకుండా దాటించాలని ఒక ఎండాకాలమంతా కూర్చుని మా నాన్న, బాపు అనేవాళ్లం, చిన్న పడవ చేశాడు. ముందు భాగంలో మూత ఉన్న అర. సందుల్లో నూనెలో ఉడికించిన గుగ్గిలం పూసి, అంచు చుట్టూ పాత సైకిల్ ట్యూబు కోసి అతికించాడు. లోపల ఊదు పొగ పెట్టి మూసి, "ఏడికెల్లి పొగ ఎల్తదో చూడు బిడ్డా, గాడికెల్లే నీళ్లొస్తయి" అన్నాడు. ఒక మూల దారంలా సన్నగా వచ్చింది. నేనే చూపించాను. అక్కడా పూశాక ఇక రాలేదు. మూతకూ అంచుకూ నడుమ వెంట్రుక పట్టే జాగా లేదని బాపు అందరికీ చెప్పుకున్నాడు.

వానలు పడ్డాయి. విత్తడానికి వెళ్లి చేని గుడిసెలో ఉండగా మా అవ్వకు, అంటే అమ్మకు, చలిజ్వరం వచ్చింది. బాపు నన్ను వెంటబెట్టుకుని ఇవతలికొచ్చి జ్వరం గోలీలు కొని, ఆ అరలో పెట్టి, వానలోనే మళ్లీ దాటాడు. గుడిసె దగ్గర పడవ ఆపి చూస్తే మూత రాలేదు. ఎండలో ఎండిన చెక్క వానకు ఉబ్బి అరను పట్టేసుకుంది. గోళ్లతో లాగాడు, కొడవలి మొన దూర్చాడు. వేళ్ల నుంచి రక్తం కారింది. నేనూ ఒక అంచు పట్టుకున్నాను గానీ నా బలమెంత.

"జరంత ఆగు, వస్తది" అన్నాడు గుడిసె వైపు తిరిగి.

దుప్పట్లో వణుకుతూనే అవ్వ అంది, "నీ పెట్టె నీళ్లను రానియ్యదు, నిన్ను సుత రానియ్యదాయె."

చివరికి గొడ్డలి తెచ్చాడు. మూత ముక్కలైంది. గోలీలు పొడిగానే ఉన్నాయి. అవ్వకు జ్వరం మెల్లగా దిగింది.

తర్వాత చేసిన మూతకు చుట్టూ చెక్క ఉబ్బేంత జాగా వదిలి, నీళ్లాపే పని రబ్బరుకే అప్పజెప్పాడు. నువ్వూ అట్లాగే చెయ్యి. ఇప్పటికీ నేను ఏ డబ్బా మూత బిగించినా, ఒకసారి తీసి చూసుకోనిదే పక్కన పెట్టను.

ఆ రోజు మూతతో పెనుగులాడినంతసేపూ గొడ్డలి గుడిసె గుంజకే ఆనించి ఉంది. అది బాపుకు కనబడుతూనే ఉంది. పెద్దయ్యాక అడిగాను, ఆయన తన వేళ్లు చూసుకున్నాడు.

"ముందే ఎందుకు పలగ్గొట్టలే బాపూ?"