మంచు సెలవుల పిసినారి

సుపీరియర్ సరస్సు మీది గాలి చలికాలమంతా మంచు మోసుకొచ్చి మా గుమ్మాల్లో కుమ్మరిస్తుంది. అయినా మా మిషిగన్ ఊరి బడికి మంచు సెలవు దొరకడం అరుదు. అందుకు బాధ్యత వాతావరణానిది కాదు, వెయికో కాంగస్‌ది.

బడి బస్సు నడిపే వెయికో మంచు కురిసిన ప్రతి తెల్లవారుజామునా ఖాళీ బస్సును చర్చి మిట్ట మీదికి తోలి, సగంలో ఆపి, మళ్లీ కదిలించేవాడు. చక్రాలు వెనక్కి జారితే సెలవు. జారకపోతే బడి. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. పైజమా తిరగేసి తొడుక్కుని, దిండు కింద చెంచా పెట్టుకుని పడుకుంటే సెలవు వస్తుందని ఊరి పిల్లల నమ్మకం. నేనూ ఎన్నో చలికాలాలు ఆ చెంచా మీద నిద్రపోయాను. వెయికో బస్సు మాత్రం జారలేదు. మంచు సెలవుల పిసినారి అని మేం పెట్టిన పేరు ఆయనకు తెలుసు. బస్సు దిగగానే మంచు ముద్ద చేసి అద్దానికేసి కొట్టడమే మాకు మిగిలిన ప్రతీకారం. ఆయన కిటికీ దించి, "ఎవర్రా అది, మీ అమ్మతో చెప్తానుండు" అని గద్దించేవాడు. ఎవరి అమ్మతోనూ ఎన్నడూ చెప్పలేదు.

మహమ్మారి వచ్చి, బడి మూతపడి, పాఠాలు తెర మీదికి ఎక్కిన ఏడాది బడి బోర్డు ఒక తీర్మానం చేసింది: ఇకపై మంచు సెలవులు ఉండవు. ఇంట్లోనే చదివేవాళ్లకు దారితో పనేమిటన్నది వారు చూపిన హేతువు. పిల్ల తెర ముందు రాయిలా కూర్చుంటే హాజరు, కిటికీ అవతలి మంచులోకి అడుగు పెడితే గైర్హాజరు. ఆ తీర్మానం చదివి, కోపంతో బోర్డు సమావేశంలో మాట్లాడతానని పేరిచ్చాను. న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని అప్పుడే ఊరికి తిరిగొచ్చాను. సమావేశంలో నాకు కేటాయించిన మూడు నిమిషాల్లో నేను ఆ తీర్మానంలో చేర్పించగలిగింది ఒకే ఒక్క వాక్యం: లంచ్ బస్సు తిరగని రోజు బడి రోజు కాదు. తిండి అందని పిల్లలకు పాఠం చెప్పకూడదన్నది నా ఉద్దేశం. ఎందుకంటే అప్పటికి వెయికో బస్సు పిల్లలకు బదులు వాళ్ల మధ్యాహ్న భోజనం సంచులను ఇంటింటికీ మోస్తోంది. వాటిని దించి అందించే పని నాది.

ఆ వాక్యంతో సెలవు మళ్లీ వెయికో చేతికే వచ్చింది. తల్లులు ఆ సంగతి వెంటనే పసిగట్టారు.

"ఒక్కరోజు, వెయికో గారూ. బస్సు మిట్ట ఎక్కలేదనండి, చాలు. మావాడు గది వదిలి బయటికి రావట్లేదు," అని ఒకావిడ సంచి అందుకుంటూ పట్టుబట్టింది.

"ఎక్కిందిగా తల్లీ."

"ఎక్కలేదని అనమంటున్నా."

"ఇవాళ అలా అంటే, రేపు నిజంగా ఎక్కకపోతే నా మాట ఎవరు నమ్ముతారు?"

బస్సు కదిలాక నేను అందుకున్నాను. "ఇంత నిజాయితీ దాచుకుని ఏం చేస్తారండీ? సమాధిలోకి పట్టుకెళ్తారా?"

"ముందు ఆ ఫ్లాస్కు మూత పెట్టు, లాయరమ్మా, కాఫీ చల్లారిపోద్ది. అబద్ధం చెప్పించడం మీ కాలేజీలో ఎన్నో పాఠం?"

"మాస్కు ముక్కు కిందికి జారింది."

"ముక్కు నాది."

ఇంత మొండివాణ్ణీ టిల్లీ కుదిపేసింది. మిట్ట దిగువన పచ్చరంగు ఇంట్లో ఉండే తొమ్మిదేళ్ల పిల్ల. గురి తప్పని చెయ్యి. ఒకసారి ఆమె విసిరిన ముద్ద తెరిచి ఉన్న కిటికీలోంచి దూసుకొచ్చి ఆయన కాఫీలో పడింది. ఆ కథ ఆయన సొంత మనవరాలికి పతకం వచ్చినట్టు చెప్పుకునేవాడు. ఆ చలికాలం మాత్రం టిల్లీ మేజోళ్లతో గుమ్మంలోకి వచ్చి, రెండు చేతులా సంచి అందుకుని, "థాంక్యూ సార్" అని తలుపు వేసుకునేది.

"సార్ అంది," అన్నాడు వెయికో మొదటిసారి.

"అంటే ఏమైంది?"

"ఆ ఇంట్లో నన్నెవరూ సార్ అన్లేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న గాడిద అనేవాడు."

ఫిబ్రవరి వచ్చేసరికి ఆ సార్ మాట వినపడీ వినపడనట్టయింది. ఆ ఇంటి ముందు ఆగిన ప్రతిసారీ ఆయన కాఫీ పక్కన పెట్టేసేవాడు. చివరికి ఒక ఉదయం, దారి బాగుందని ఎప్పటిలాగే బడుల అధికారి డెనిస్ ట్రెంబాత్‌కు ఫోన్ చేసి, ఇంకో మాట కలిపాడు.

"రేపు నా బస్సెక్కు, డెనిస్. ముందు సీటు ఖాళీ. చిన్నప్పుడు కూర్చోమంటే కూర్చునేదానివి కాదుగా."

మర్నాడు ఆవిడ రెండు తెర సమావేశాల మధ్య, చిరాకుగానే వచ్చింది. పచ్చ ఇంటి ముందు తాజా మంచు మెత్తగా, ముద్దకు అనువుగా ఉంది. వెయికో కిటికీ పూర్తిగా దించి, తల బయట పెట్టి, దొరకడానికి సిద్ధంగా కూర్చున్నాడు. టిల్లీ వచ్చింది. సంచి అందుకుంది. "థాంక్యూ సార్." తలుపు పడింది.

"విన్నావా?" అన్నాడు.

"ఏం వినాలి? మర్యాదగానే మాట్లాడిందిగా."

"అదే నేను చెప్పేది. ఊరంతా ఇదే మర్యాద. ఒక్క వెధవ కూడా నా మీద చెయ్యెత్తట్లేదు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మూసిన తలుపు వంక చూసి, బస్సు ముందు అద్దం మీద వేలు పెట్టింది.

"నేను పగలగొట్టింది ఇదేనా?"

"ఆ బస్సు ఎప్పుడో తుక్కులోకి పోయింది. నీ ముద్దలో రాయి ఉందని నాకప్పుడే తెలుసు."

"మా అమ్మతో చెప్పలేదే."

"చెప్తాన్లే. తొందరేముంది."

"ఎల్లుండి శుక్రవారం దారి ఎలా ఉంటుంది?"

"ఎండట. బస్సు మిట్ట ఎక్కుద్ది," అన్నాడు వెయికో, నేరం ఒప్పుకుంటున్నవాడిలా.

ఆవిడ నా వైపు తిరిగింది. "నీ వాక్యంలో బస్సు ఎందుకు తిరగలేదో చెప్పాలని ఉందా?"

"లేదు. తిరగని రోజు అని మాత్రమే ఉంది."

"కావాలనే అలా రాశావా?"

"లేదండీ. మూడు నిమిషాల్లో అంతే పట్టింది."

"సరే. రేపు ఒక్కొక్కరికీ రెండేసి సంచులివ్వండి. శుక్రవారం బస్సు తియ్యొద్దు. బోర్డు అడిగితే తిరగలేదనే చెప్తాను."

వెయికో నన్ను అనుమానంగా చూశాడు. "ఇది అబద్ధం కాదుగా?"

"అక్షరాలా నిజం."

"లాయర్లందరూ ఇదే అంటారు."

ఆ శుక్రవారం ఆకాశంలో మబ్బు తునక లేదు. దారి పొడిగా ఉంది. బడికి మంచు సెలవు. ఊరి పిల్లలంతా మంచు మీద జారే స్లెడ్లు ఈడ్చుకుంటూ చర్చి మిట్ట మీదికి చేరారు. పనిలేని వెయికో ఏలకుల రొట్టె జేబులో పెట్టుకుని, మిట్ట జారుతోందో లేదో చూడాలన్న వంకతో వచ్చాడు.

టిల్లీ ఒక వారగా స్లెడ్డు మీద ఒంటరిగా కూర్చుని ఉంది. పక్కనే వాళ్లమ్మ. వెయికో టిల్లీ ముందు నుంచి, వీపు చూపిస్తూ, అక్కర్లేనంత నెమ్మదిగా నడిచాడు. ఏమీ జరగలేదు. తిరిగొచ్చి మళ్లీ నడిచాడు. అంతకన్నా తేలికైన గురి ఆ మిట్ట చరిత్రలో ఎవరికీ దొరికి ఉండదు. మూడోసారి ఆయన టోపీ ఎగిరి మంచులో పడింది.

"ఎవర్రా అది? మీ అమ్మతో చెప్తానుండు."

స్లెడ్డు వెనక నుంచి గొంతు వచ్చింది. "మా అమ్మ ఇక్కడే ఉంది. చెప్పుకో, పిసినారీ."

టోపీ తీసుకోవడానికి వంగిన వెయికో చాలాసేపు లేవలేదు. లేచాక, నేనేమీ అనకుండానే, మాస్కును ముక్కు మీదికి లాక్కున్నాడు. అక్కడితో ఆగక కళ్లదాకా లాక్కున్నాడు.